న్యూజెర్సీలో ఇంటి వెనక రెండు ఆపిల్ చెట్లు: ఏ రకాలు పెట్టమంటారు?

నూజివీడు_అమ్మాయి:

అందరికీ నమస్కారం. మేము సెంట్రల్ న్యూజెర్సీలో ఉంటాం. పోయిన అక్టోబరులో ఇల్లు కొనుక్కున్నాం, వెనక పెరడు సుమారు 50 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు ఉంటుంది. తూర్పు, దక్షిణం వైపు బాగా ఎండ పడుతుంది. పడమర వైపు పక్కింటివాళ్ళ సరిహద్దులో పొడుగ్గా, పచ్చగా, ఆకు నలిపితే ఘాటు వాసన వచ్చే చెట్లు వరసగా ఉన్నాయి, వాటికి నీలంగా చిన్న చిన్న కాయలు కూడా ఉన్నాయి, పేరేమిటో నాకు తెలియదు.

నేను ఎందుకు అడుగుతున్నానంటే, మా నాన్నగారికి నూజివీడు దగ్గర మామిడి తోట ఉంది, చిన్న రసాలూ బంగినపల్లీ. అంట్లు ఆయనే కట్టుకుంటారు. రెండేళ్ళ కిందట అమ్మా నాన్నా వచ్చినప్పుడు ఒక తోటకి తీసుకెళ్ళాం, మనమే కోసుకునే తోట. నాన్న మొదటిసారి చెట్టు మీద ఆపిల్‌ని చేత్తో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. కోయలేదు, పట్టుకుని తొడిమ ఎలా ఉందో చూస్తూ ఉన్నారు. అప్పుడే అనుకున్నాను, సొంతిల్లు కొంటే ముందు రెండు ఆపిల్ చెట్లు పెట్టాలని. వాళ్ళు ఏడాది విడిచి ఏడాది వస్తారు, ఏప్రిల్ చివర్లో వచ్చి అక్టోబరు మొదట్లో వెళ్ళిపోతారు. అంటే నాన్న ఉండగానే కాయ పండాలి.

దగ్గర్లోని పెద్ద స్టోర్‌లో గాలా, ఫ్యూజీ, రెడ్ డెలిషియస్, హనీక్రిస్ప్ మొక్కలు చూశాను. చీటీ మీద సెమీ డ్వార్ఫ్ (ఒక మోస్తరు పొట్టి చెట్టు) అని ఉంది, అంతకుమించి ఏమీ లేదు. పిల్లలకి హనీక్రిస్ప్ అంటే ప్రాణం, మావారికి ఫ్యూజీ కావాలి, అమ్మ అయితే పచ్చడికి పుల్లటిది ఏదైనా పెట్టమంటుంది. ఒకే చెట్టుకి నాలుగు రకాలు అంటుకట్టినవి కూడా అమ్ముతున్నారు, అది కొంటే అందరి గొడవా తీరిపోతుందా? ఇంట్లో 4 ఏళ్ళ పాప, 7 ఏళ్ళ బాబు ఉన్నారు కాబట్టి పదేపదే మందులు కొట్టడం నాకు ఇష్టం లేదు. జింకలు రోజూ సాయంత్రం వస్తాయి. పెంచినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

మిడిల్‌సెక్స్_తోటమాలి:

అమ్మా, స్టోర్‌లో ఉన్న ఆ నాలుగూ ఇప్పుడే కొనకండి. నేను కూడా సరిగ్గా అక్కడే మొదలుపెట్టాను. 2009లో ఒక గాలా, ఒక ఫ్యూజీ తెచ్చి పెట్టాను, షాపులో తిన్నవి బాగున్నాయి కదా అని. మూడో ఏడు గాలా విరగబూసింది. ఆ మే నెలలో వారం పాటు వెచ్చగా ఉండి వానలు పడ్డాయి, ఆ తర్వాత పది రోజుల్లో కొమ్మల చివర్లు నల్లబడి, గొడుగు పిడిలా వంగిపోయి, ఎవరో నిప్పు పెట్టినట్టు మాడిపోయాయి. దాన్ని ఫైర్ బ్లైట్ అంటారు. బాక్టీరియా తెగులు, పువ్వులోంచి లోపలికి దిగుతుంది, వెచ్చదనం తడి కలిసిన రోజుల్లో చాలా వేగంగా పాకుతుంది. కొమ్మలు కొట్టేసుకుంటూ వచ్చాను, చివరికి చెట్టే కొట్టేయాల్సి వచ్చింది. అందులో నా తప్పు కూడా ఉంది, మన ఊరి అలవాటు కొద్దీ పాదు తీసి రెండు బస్తాల పశువుల ఎరువు వేశాను. నత్రజని ఎక్కువై లేత చిగుళ్ళు విపరీతంగా వచ్చాయి, ఆ తెగులుకి కావలసింది సరిగ్గా ఆ లేత చిగురే.

కాబట్టి ఇక్కడ ఇంటి పెరట్లో ఆపిల్ ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్న రుచి కాదు, ఏ తెగుళ్ళని తట్టుకుంటుంది అన్నది. న్యూజెర్సీలో ముఖ్యంగా మూడు తెగుళ్ళు. ఫైర్ బ్లైట్ చెప్పాను. రెండోది స్కాబ్, ఆకు మీదా కాయ మీదా నల్లటి గరుకు మచ్చలు పడతాయి, వసంతకాలం వానలకి వస్తుంది. మూడోది సీడార్ ఆపిల్ రస్ట్, అంటే తుప్పు తెగులు. మీ పక్కింటి సరిహద్దులో ఘాటు వాసన చెట్లు అన్నారు చూడండి, మీరు చెప్పిన గుర్తులని బట్టి అవి ఈస్టర్న్ రెడ్ సీడార్‌లు. ఏప్రిల్, మే వానలప్పుడు వెళ్ళి వాటి కొమ్మలు చూడండి, నారింజ రంగులో జిగురుగా, కొమ్ములు వచ్చిన ఉండల్లాంటివి వేలాడుతూ కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు. ఆ శిలీంధ్రం సగం జీవితం సీడార్ మీద, సగం జీవితం ఆపిల్ మీద గడుపుతుంది. అక్కడినించి గాలికి ఎగిరి ఆపిల్ ఆకుల మీద పడి, పసుపూ నారింజా మచ్చలు వస్తాయి. పక్కింటివాళ్ళని చెట్లు కొట్టేయమని అడిగి మనస్పర్ధలు తెచ్చుకోకండి, ఆ బీజాలు మైళ్ళ దూరం నుంచి కూడా రాగలవు, ఇక్కడ సీడార్ లేని వీధి ఉండదు. తట్టుకునే రకం పెట్టుకోవడమే దారి.

ఇప్పుడు మంచి వార్త. ఈ తెగుళ్ళ కోసమే ఇక్కడి యూనివర్సిటీలు దశాబ్దాల పాటు పనిచేశాయి. పర్డ్యూ, మన రట్గర్స్, ఇల్లినాయ్ ఈ మూడూ కలిసి 1945 నుంచి స్కాబ్ రాని ఆపిల్స్ తయారుచేస్తూ వచ్చాయి. ప్రైమా, ప్రిసిల్లా, ఎంటర్‌ప్రైజ్, ప్రిస్టీన్ ఈ పేర్లన్నిటిలో ఆ మూడింటి మొదటి అక్షరాలు పి, ఆర్, ఐ వరసగా దాగి ఉంటాయి. చిన్న కాయలు కాసే ఒక ఆసియా క్రాబాపిల్‌లో స్కాబ్‌ని ఆపే జన్యువు దొరికితే, దాన్ని పెద్ద కాయల రకాలతో తరం తర్వాత తరం కలుపుతూ వచ్చారు. న్యూయార్క్ రాష్ట్రం జెనీవాలో కార్నెల్‌వాళ్ళు కూడా అదే దారిలో 1978లో లిబర్టీ అనే రకం విడుదల చేశారు.

మీ పెరటికి నా మాట ఇది: ఒకటి విలియమ్స్ ప్రైడ్, ఒకటి లిబర్టీ. రెండూ స్కాబ్‌ని, రస్ట్‌ని, ఫైర్ బ్లైట్‌ని కూడా బాగా తట్టుకుంటాయి. విలియమ్స్ ప్రైడ్ మన దగ్గర జులై చివరినుంచి ఆగస్టులో పండుతుంది, ముదురు ఎరుపు, మంచి సువాసన. ఒకేసారి పండదు, మూడు నాలుగు విడతలుగా కోసుకోవాలి. అమ్మేవాళ్ళకి అది ఇబ్బంది గానీ ఇంట్లోవాళ్ళకి అదే అదృష్టం, మీ నాన్నగారు రోజూ పొద్దున్నే వెళ్ళి ఏది పండిందో చూసి కోసుకోవచ్చు. లిబర్టీ సెప్టెంబరులో వస్తుంది, అంటే వాళ్ళు విమానం ఎక్కేలోపే. తీపీ పులుపూ కలిసిన రుచి, కోసిన రోజు కంటే ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలు ఉంచి తింటే ఇంకా బాగుంటుంది. మీ అమ్మగారికి పచ్చడికైతే జులైలో ఇంకా పచ్చిగా ఉన్న లిబర్టీ కాయలు కోయమనండి. మా ఇంట్లో వాటిని తురిమి, ఆవపిండి, ఎండుమిర్చి వేసి మామిడికాయ పచ్చడిలాగే చేస్తాం, గింజలు మాత్రం తీసేయాలి.

రెండూ ఇంచుమించు ఒకే సమయంలో పూస్తాయి కాబట్టి ఒకదానికి ఒకటి తోడు. ఇది ముఖ్యం. మామిడిలాగా ఒక్క చెట్టు పెట్టుకుని కూర్చుంటే కుదరదు, ఆపిల్‌లో చాలా రకాలు తన పుప్పొడితో తాను కాయలు కట్టవు, వేరే రకం పుప్పొడి తేనెటీగలు తేవాలి. ఒకే రకానివి రెండు చెట్లు పెట్టినా లాభం లేదు, ఎందుకంటే అంటు మొక్కలు కాబట్టి అవి రెండూ ఒకే చెట్టు కింద లెక్క.

యాకిమా_నుంచి:

తోటమాలి గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, ఒక్క విషయం కలుపుతాను. నేను వాషింగ్టన్ రాష్ట్రం యాకిమాలో ఉంటాను, చుట్టూ ఆపిల్ తోటలే, అమెరికా ఆపిల్స్‌లో సగానికి పైగా ఈ రాష్ట్రంలోనే పండుతాయి. ఇక్కడ ఏడాదికి పడే వాన సుమారు 8 అంగుళాలు, న్యూజెర్సీకి 45 అంగుళాలు దాటుతుంది. కొండలకి ఇవతల పక్క ఎండ, పొడి గాలి, కాలవ నీళ్ళు. ఆకు తడవకపోతే స్కాబ్ రాదు. అందుకే ఇక్కడ గాలా, ఫ్యూజీ, హనీక్రిస్ప్ అంత నున్నగా వస్తాయి. మీరు షాపులో కొనేది ఈ ఎడారి వాతావరణంలో పండిన కాయ, దాన్ని చూసి మీ తడి నేలలో మొక్క ఎంచుకుంటే మీకూ చెట్టుకూ కష్టమే.

ఇంకోటి, కాస్మిక్ క్రిస్ప్ అనే కొత్త రకం దొరుకుతుందా అని చాలామంది అడుగుతుంటారు. అది ఇక్కడి యూనివర్సిటీ ఎంటర్‌ప్రైజ్‌ని హనీక్రిస్ప్‌తో కలిపి చేసింది, అమెరికాలో పెంచే హక్కు ముందు వాషింగ్టన్ రైతులకే ఇచ్చారు. దాని గురించి వెతికి టైమ్ వృథా చేసుకోకండి. షాపు కాయలోని గింజ నాటితే అదే రకం వస్తుందని కూడా అనుకోకండి, బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రానట్టే ఇదీ.

నూజివీడు_అమ్మాయి:

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. ఆ నీలం కాయల చెట్టు ఫోటో తీసి చూసుకున్నాను, సీడారే. నాకు ఏమాత్రం తెలియకుండా ఫ్యూజీ కొనేసేదాన్ని.

నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగారు, "కింద వేరు ఏ చెట్టుది?" అని. మామిడికి అంటు కట్టేటప్పుడు కింద నాటు టెంక మొక్క పెడతారు కదా, ఆపిల్‌కి ఏం పెడతారు, దాన్ని బట్టి చెట్టు ఎంత పెరుగుతుందో, ఎన్నేళ్ళకి కాపుకొస్తుందో చెప్పొచ్చు అన్నారు. నాకు జవాబు తెలియలేదు. నాన్నకి ఇప్పుడు 68, ఏడెనిమిదేళ్ళకి కాసే చెట్టు అయితే నాకు వద్దు, ఈ మాట ఎవరితోనూ అనలేదు గానీ నా మనసులో ఉన్నది అదే. ఇంకా నాలుగు రకాల చెట్టు సంగతి, హనీక్రిస్ప్ సంగతి కూడా చెప్పండి, పిల్లలు రోజూ అడుగుతున్నారు.

హడ్సన్_లోయ:

మీ నాన్నగారు సరైన ప్రశ్న అడిగారు. నేను పదేళ్ళ కిందట మొక్కలు కొన్నప్పుడు ఇది అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు, నేనూ అడగలేదు, ఆ చెట్లు ఇప్పుడు 20 అడుగులు దాటాయి, నిచ్చెన లేకుండా కాయ అందదు.

ఆపిల్‌లో పైన ఉన్న రకం కాయని నిర్ణయిస్తుంది, కింద ఉన్న వేరు, రూట్‌స్టాక్ అంటాం ఇక్కడ, చెట్టు ఎత్తునీ, ఎన్నేళ్ళకి కాస్తుందన్నదాన్నీ నిర్ణయిస్తుంది. గింజ నుంచి పెరిగిన వేరు మీద కడితే చెట్టు 25, 30 అడుగులు అవుతుంది, కాపుకి ఆరేడేళ్ళు ఆగాలి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇంగ్లండ్‌లో ఈస్ట్ మాలింగ్ అనే చోట వందేళ్ళ కిందటే పొట్టి వేళ్ళని వేరుచేసి నంబర్లు ఇచ్చారు, ఎం9 అంటే అదే, దాని మీద చెట్టు 8 నుంచి 10 అడుగులే, రెండో మూడో ఏడే కాయలు. కానీ వేరు బలహీనం, జీవితాంతం గుంజ కట్టి ఉంచాలి, పైగా ఫైర్ బ్లైట్ వేరు వరకు దిగితే ఎం9 చచ్చిపోతుంది. ఎంఎం111 అని ఇంకోటి ఉంది, ఏ నేలలో అయినా నిలబడుతుంది, నీళ్ళు తక్కువైనా తట్టుకుంటుంది, అయితే చెట్టు పెద్దది, కాపు ఆలస్యం. స్టోర్‌లో సెమీ డ్వార్ఫ్ అని మాత్రమే రాసి ఉంటే ఏ వేరో మీకు తెలియదు, 12 అడుగులూ కావచ్చు, 20 అడుగులూ కావచ్చు. అందుకే రూట్‌స్టాక్ పేరు రాసి అమ్మే నర్సరీలోనే కొనండి.

తోటమాలి గారి రకాలతో నాకు పేచీ లేదు. వేరు విషయంలో కార్నెల్‌వాళ్ళ జెనీవా వేళ్ళు చూడమంటాను. జి.41 పొట్టిది, జి.935 మధ్యస్థం, రెండూ ఫైర్ బ్లైట్‌ని బాగా తట్టుకుంటాయి. మీ పరిస్థితికి జి.935 అంటాను, 10, 12 అడుగుల్లో కత్తిరించుకుంటూ ఉంచుకోవచ్చు, మూడో ఏడు కాయలు చూస్తారు. మొదటి ఏడాది ఒకటో రెండో పిందెలు పట్టినా తీసేయండి, మనసొప్పదు, అయినా తీసేయాలి, లేకపోతే ఆ లేత కాండం బరువుకి వంగిపోతుంది. దీనికి కూడా మొదటి కొన్నేళ్ళు గుంజ పాతితే మంచిది.

ఇక నాలుగు రకాల చెట్టు. నేను కొన్నాను, మీకు వద్దని చెబుతాను. నాలుగు కొమ్మలూ సమానంగా పెరగవు, బలమైన రకం మిగతావాటిని తొక్కేస్తుంది. మా చెట్టులో అయిదో ఏటికి ఫ్యూజీ ఒక్కటే మిగిలింది. ప్రతి చలికాలం బలమైన కొమ్మని తగ్గిస్తూ, నీరసమైనదాన్ని కాపాడుతూ రావాలి, చేసే ఓపిక ఉంటే సరే. పైగా ఒక కొమ్మకి ఫైర్ బ్లైట్ వస్తే చెట్టు మొత్తానికీ వచ్చినట్టే. నిజానికి మీ నాన్నగారికి అంటు కట్టడం వచ్చు కదా, లిబర్టీ చెట్టు కాస్త నిలదొక్కుకున్నాక ఒక కొమ్మకి ఆయనే వేరే రకం కడతారు. ఇక్కడ ఏప్రిల్‌లో, మొగ్గ ఉబ్బే సమయంలో కట్టాలి, అంటుకి వాడే పుల్లలు ఫిబ్రవరిలో కోసి తడి గుడ్డ చుట్టి, కవర్లో పెట్టి, పండ్లు లేని ఫ్రిజ్‌లో దాచాలి. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ మొగ్గల్ని పాడుచేస్తుంది.

హనీక్రిస్ప్ గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. అది మిన్నెసోటా యూనివర్సిటీ 1991లో విడుదల చేసింది, చలి ప్రాంతానికి తయారుచేసింది. స్కాబ్‌ని కొంత తట్టుకుంటుంది, అది నిజం. కానీ కాల్షియం సరిగ్గా అందక కాయ మీద గోధుమరంగు గుంటలు పడతాయి, దాన్ని బిట్టర్ పిట్ అంటారు, ఆ చోట చేదు. ఒక ఏడాది విరగకాసి మరుసటి ఏడు ఊరుకుంటుంది, మామిడిలాగే. మీరు న్యూజెర్సీ మధ్యలో, వేసవి వేడి ఎక్కువ, కాయ రంగు కూడా అంత రాదు. నా మాట వింటే హనీక్రిస్ప్ కొనుక్కుని తినండి, పెంచకండి. పిల్లలకి విలియమ్స్ ప్రైడ్ చెట్టు మీద నుంచి తెంపి ఇస్తే ఆ పేరే మర్చిపోతారు.

మిడిల్‌సెక్స్_తోటమాలి:

వేరు విషయం నేను చెప్పకుండా వదిలేశాను, హడ్సన్ లోయ గారికి థాంక్స్. నాకు ఎంఎం111 అంటే నమ్మకం ఎక్కువ, మా బంకమట్టిలో మిగతావన్నీ ఊగిపోతే అవే నిలబడ్డాయి, గుంజ కూడా లేదు. మామూలుగా అయితే అదే పెట్టమనేవాణ్ణి. కానీ మీరు నాన్నగారి వయసు చెప్పాక నా మాట మార్చుకుంటున్నాను. జి.935 పెట్టండి, గుంజ పాతండి.

పురుగుల సంగతి కూడా చెప్పేస్తాను, తెగులు తట్టుకునే రకం అంటే పురుగు పట్టని రకం అని కాదు, ఇక్కడే చాలామంది నిరాశపడి చెట్టు వదిలేస్తారు. పూరేకులు రాలిన వారంలోనే ప్లమ్ కర్కులియో అనే ముక్కు పురుగు వచ్చి పిందె మీద నెలవంక ఆకారంలో గీత గీసి గుడ్డు పెడుతుంది. తర్వాత కాడ్లింగ్ మాత్, కాయ మధ్యలో గింజ దాకా తొలిచే పురుగు అదే. పిల్లలున్న ఇల్లు అన్నారు కాబట్టి నేను చేసేది చెబుతాను. పూరేకులు రాలగానే కెయోలిన్ అనే తెల్ల బంకమట్టి పొడిని నీళ్ళలో కలిపి చెట్టంతా పిచికారీ చేస్తాను, విషం కాదు, సుద్ద పూసినట్టు చెట్టు తెల్లగా అవుతుంది, పురుగుకి ఆ పొర గిట్టదు. వాన పడితే మళ్ళీ కొట్టాలి, మూడు నాలుగుసార్లు పడుతుంది. జూన్ మొదట్లో పిందెలు పల్చన చేస్తాను, గుత్తికి ఒకటి, కాయకీ కాయకీ 6 అంగుళాల ఎడం. ఇది చేయకపోతే లిబర్టీ నిమ్మకాయలంత కాయలు వందల కొద్దీ కాసి మరుసటి ఏడు అలిసిపోతుంది. పల్చన చేసిన రోజే మిగిలిన పిందెలకి, అవి రూపాయి బిళ్ళంత ఉంటాయి అప్పటికి, ఒక్కోదానికి చిన్న జిప్ కవరు తొడిగి, కింద రెండు మూలలు నీళ్ళు పోవడానికి కత్తిరిస్తాను. చెట్టుకి అరవై, డెబ్భై కవర్లు, పిల్లలకి అదొక పండగ. ఇక ఆ కాయలకి ఆగస్టు దాకా ఏ మందూ కొట్టను.

జింకల గురించి: సబ్బులూ వాసనలూ ఏవీ నమ్మకండి. మొక్క నాటిన రోజే చుట్టూ 5 అడుగుల ఎత్తు వెల్డింగ్ జాలీ, మొక్కకి రెండున్నర అడుగుల దూరంలో గుండ్రంగా పెట్టేయండి. ఒక్క రాత్రిలో ఏడాది పెరుగుదల తినేసి పోతాయి. చలికాలం మంచు కింద ఎలుకలు చెట్టు మొదలు దగ్గర బెరడు కొరుకుతాయి, కాండానికి సన్న జాలీ చుట్టండి. బెరడు చుట్టూరా పోయిందంటే చెట్టు పోయినట్టే.

ఓరుగల్లు_మిద్దెతోట:

మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోకండి. మాది వరంగల్. ఇక్కడ నర్సరీవాళ్ళు ఆపిల్ మొక్కలు తెచ్చి అమ్ముతున్నారు, ఎండ దేశానికి తగ్గ రకం అంటున్నారు. మీరు చెప్పే లిబర్టీ, విలియమ్స్ ప్రైడ్ మాకు పనికొస్తాయా? నేను పోయినేడు ఒకటి కొన్నాను, పేరు రాసిన చీటీ కూడా లేదు, ఆకులు బాగానే ఉన్నాయి, పూత లేదు.

హడ్సన్_లోయ:

లేదండీ, అవి మీకు పనికిరావు. ఆపిల్‌కి చలికాలంలో సుమారు 0 నుంచి 7 డిగ్రీల మధ్య కొన్ని వందల గంటలు గడవాలి, అప్పుడే నిద్ర లేచి మొగ్గ విప్పుతుంది. ఇక్కడ మేము చెప్పుకుంటున్న రకాలకి ఎనిమిది వందలు, వెయ్యి గంటలు కావాలి. వరంగల్‌లో అలాంటి చలి ఎక్కడిది. మీరు చూడాల్సిన రకాలు మూడు: 'అన్నా' అనే రకం, డోర్సెట్ గోల్డెన్, హెచ్ఆర్ఎంఎన్ 99. అన్నా ఇజ్రాయెల్‌లో తయారైంది, డోర్సెట్ గోల్డెన్ బహామా దీవుల్లో దొరికింది, ఒకదానికొకటి పుప్పొడి ఇచ్చుకుంటాయి కాబట్టి ఆ రెండూ జంటగా పెట్టుకోవాలి. హెచ్ఆర్ఎంఎన్ 99 హిమాచల్ ప్రదేశ్‌లో బిలాస్‌పూర్ జిల్లా పనియాలా గ్రామ రైతు హరిమన్ శర్మ గారు కింది ఎత్తులో పెంచి నిలబెట్టిన రకం, ఆయనకి 2025లో పద్మశ్రీ కూడా వచ్చింది. మన తెలంగాణలోనే ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో కేంద్రే బాలాజీ గారు ఆపిల్ పండించి 2020లో తొలి కాయలు అప్పటి ముఖ్యమంత్రికి ఇచ్చారు, హైదరాబాద్ సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఆయనకి తోడ్పడ్డారు. ఆ ప్రాంతంలో చలి మన మిగతా జిల్లాల కంటే ఎక్కువ, అది గుర్తుపెట్టుకోండి.

ఒక పని చేసి చూడండి. ఇండోనేషియాలో తూర్పు జావాలో బాతు అనే ఊరి చుట్టుపక్కల అసలు చలికాలమే లేదు, అయినా దశాబ్దాలుగా ఆపిల్ పండిస్తున్నారు. కోత అయ్యాక చెట్టు ఆకులన్నీ చేత్తో దూసేస్తారు, కొమ్మలు వంచి కడతారు, చెట్టు గాఢ నిద్రలోకి పోకముందే కొత్త మొగ్గ వేస్తుంది. అది దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న చోటు, వరంగల్ మే నెల ఎండ వేరు, కాబట్టి మధ్యాహ్నం నీడ గుడ్డ కట్టాలి. డిసెంబరులో ఆకులు దూసి, రెండు వారాలు నీళ్ళు తగ్గించి చూడండి. అంతకంటే ముందు పేరు రాసి ఇచ్చే చోట మళ్ళీ కొనండి, చీటీ లేని మొక్క కింద ఏ వేరు ఉందో, పైన ఏ రకం ఉందో చెప్పలేం, మూడేళ్ళు నీళ్ళు పోశాక బాధపడాల్సి వస్తుంది.

ఓరుగల్లు_మిద్దెతోట:

అర్థమైందండీ, చాలా థాంక్స్. 'అన్నా', డోర్సెట్ గోల్డెన్ జంట కోసం వెతుకుతాను.

నూజివీడు_అమ్మాయి:

అప్‌డేట్ ఇస్తున్నాను. జి.935 మీద విలియమ్స్ ప్రైడ్ ఒకటి, లిబర్టీ ఒకటి, మట్టి లేకుండా ఉత్త వేళ్ళతో వచ్చే మొక్కలు ఆర్డర్ పెట్టాను, మార్చి చివర్లో పంపుతారట. పాదులు తూర్పు వైపు, రెండింటికీ మధ్య 12 అడుగులు. రట్గర్స్ మట్టి పరీక్షకి ఇవాళ నమూనా పంపాను. మావారు ఫ్యూజీ కోసం ఇంకా అలిగే ఉన్నారు.

నాన్నకి చెబితే మొదట ఒప్పుకోలేదు, "వేరుకి మట్టి లేకుండా డబ్బాలో పెట్టి పంపితే అది బతుకుతుందా" అని. తర్వాత ఆయనే సర్దుకుని, "అంటు కట్టిన కణుపు నేలలో కప్పెట్టకు, పైన కనబడాలి" అని రెండుసార్లు చెప్పారు. మామిడికి అలా చేస్తారు, ఆపిల్‌కీ అంతేనా? ఎంత ఎత్తు ఉండాలి?

మిడిల్‌సెక్స్_తోటమాలి:

నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆపిల్‌కి ఇంకా ముఖ్యం. అంటు కణుపు మట్టిలో కప్పబడితే పై రకం తన సొంత వేళ్ళు దింపుతుంది, అప్పుడు కింద ఉన్న పొట్టి వేరు పని ఆగిపోయి చెట్టు 25 అడుగులు పోతుంది, మీరు పెట్టిన డబ్బూ ఎంచుకున్న శ్రమా వృథా. నేల మట్టం నుంచి 3, 4 అంగుళాలు పైన ఉండాలి. నాటాక మట్టి ఒక అంగుళం దిగుతుంది, అది కూడా లెక్కలో ఉంచండి. మొక్క రాగానే వేళ్ళు ఒకట్రెండు గంటలు బకెట్ నీళ్ళలో ఉంచి, అదే రోజు నాటేయండి. గుంటలో ఎరువు, కంపోస్టు ఏమీ వేయొద్దు, తవ్విన మట్టే తిరిగి పోయండి. కాండానికి ఆనకుండా చుట్టూ చెక్కపొట్టు పరిచి, మొదటి వేసవి అంతా వారానికి ఒకసారి అయిదు గాలన్ల నీళ్ళు నిదానంగా పోయండి. మొక్కలో కొమ్మలు లేకుండా ఒక్క కర్రలా ఉంటే 30 అంగుళాల దగ్గర పైభాగం కత్తిరించేయాలి, అప్పుడే పక్క కొమ్మలు వస్తాయి. ఆ కోత భయం వేస్తుంది, నాన్నగారిని వీడియో కాల్‌లో పెట్టుకుని చేయండి, ఏ మొగ్గ పైన కోయాలో ఆయనకి చూడగానే తెలుస్తుంది.

నూజివీడు_అమ్మాయి:

అలాగే చేస్తాను. మార్చిలో నాటాక ఫోటోలు ఇక్కడే పెడతాను.